మంచంలో మిషన్

ఖుద్దూస్‌కు లాగు కుట్టడం రాదు. అయినా దేవరకొండ గిరాకీ అంతా అతనికే. ఇది ఎదురు దుకాణం టైలర్ పెద్దులు ఎన్నడో తేల్చేసిన మాట.

పెద్దులు వెన్నెముక ఆపరేషనై దవాఖానలో పడుకుంటే ఆ ఖుద్దూసే చూడవచ్చాడు.

నర్సు మొత్తుకుంటోంది. "పాదాలు ఆడించు తాతా. లేకుంటే కాళ్లల్ల నెత్తురు గడ్డకట్టి పానం మీదికొస్తది."

"కోసింది నడుమైతే కాళ్లతోటేం పని?" అన్నాడు పెద్దులు.

"ఇడ్సిపెట్టు బిడ్డా," అన్నాడు ఖుద్దూస్. "ఈయనకు మిషన్ తొక్కుడే రాదు. మడిమతోటి తొక్కుతడు."

"మడిమతోటా? గిట్ల తొక్కుత, గిట్ల!" దుప్పటి కింద రెండు పాదాలూ టకటకా ఆడాయి.

"జర నిమ్మలంగ, భాయ్. దారం తెగుతది. పొద్దుమాపు గిట్లనే తొక్కు."

నర్సు నవ్వాపుకుంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఖుద్దూస్ కయ్యానికి రాలేదని పెద్దులుకు అప్పుడర్థమైంది.

"మన గిరాకీ లొల్లి ఇయ్యాల్టితోని ఖతం. సచ్చేదాంక నేనెత్తను, నువ్వూ ఎత్తద్దు," అన్నాడు, తొక్కుతూనే.