బోర్డు అయ్యేదాకా

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆరుగురు ఉన్నారు. మంచం మీద బాపు నర్సింగం. పొయ్యి దగ్గర అమ్మ సారక్క. గడపలో కూర్చుని ఫోను చూసుకుంటున్న అన్న జగదీశ్వర్. పెద్దపల్లి అవతలి ఊరి నుంచి పొద్దున బస్సు దిగిన బాపమ్మ ఐలవ్వ. బాపును చూడ్డానికి బత్తాయిలు తెచ్చిన యూనియన్ ఎల్లేశం. లోపలి గది తలుపును ఆనుకుని, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని జమున.

“ఏందే, నా ముందట గూడ సిగ్గేనా?” అన్నాడు ఎల్లేశం.

“దానిది చిన్నప్పటి సంది గదే తీరు,” అంది బాపమ్మ. “గని గింత బక్కగైందేంది? వేసవిల నా దగ్గరుండి పదోది పాసై ఈడికి వచ్చినప్పుడు మంచిగుండె.”

“బాపు ఫికర్‌తోని తింటలేదత్తా. కాలేజీకి గూడ పోతలేదు,” అంది అమ్మ పొయ్యివైపే చూస్తూ.

జమున చూపు మాత్రం అల్మారా మీద ఉంది. అక్కడ టీవీ పక్కన మందుల కవరు. దవాఖాన నుంచి తెచ్చి పన్నెండు రోజులైంది. కొట్టిన పిన్ను కొట్టినట్టే ఉంది.

డాక్టరు స్పష్టంగానే చెప్పాడు. క్షయ. ఆరు నెలలు మందులు వాడితే నయమైపోతుంది. కానీ బాపుకు వచ్చే నెల మెడికల్ బోర్డు ఉంది. అందులో ‘అన్‌ఫిట్’ అని రాస్తే బొగ్గుగనిలో బాపు ఉద్యోగం అన్నకు వస్తుంది. ఈ బోర్డు దాటితే మళ్లీ అవకాశం లేదు, రిటైరయ్యేలోపు మిగిలే సర్వీసు చాలదు. పోయినసారి బోర్డువాళ్లు బాపు ఛాతీ తట్టి, ‘ఫిట్’ అని రాసి పంపేశారు. ఈసారి తెమడ పరీక్షలో పురుగు కనబడింది. రేపొకసారి, బోర్డు నాడొకసారి మళ్లీ డబ్బీలో తెమడ పట్టి ఇవ్వాలి. మందులు మొదలుపెడితే డబ్బీలో పురుగు కనబడదు.

అందుకే పిన్ను తీయలేదు.

“అంతా దుమ్మన్నా, దుమ్ము,” ఎల్లేశం చాయ్ గ్లాసు అందుకున్నాడు. “ముప్పై ఏండ్లు బాయిల బొగ్గు మింగినవ్. డాక్టరు పురుగు అంటడు. మరి పురుగుకు తొవ్వ ఏసిందెవరు?”

“దుమ్ము లేదు, గిమ్ము లేదు,” అంది బాపమ్మ. “వీళ్ల నాయిన గూడ గిట్లనే దగ్గి దగ్గి పోయిండు. ఇది మా రక్తంలనే ఉన్నది.”

“ఆయన గూడ బాయిలనే చేసిండు గదా చిన్నమ్మా!”

“మరి నేను ఆయనతోని నలభై ఏండ్లు కాపురం జేసిన. నాకు రాలేదేంది?”

“నీ నోటికి భయపడి రాలే.”

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వి, రెండుసార్లు దగ్గి, చాయ్ తాగాడు. జమున నవ్వలేదు. చున్నీ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఊరి బడిలో సైన్సు సారు చెప్పింది ఆమెకు గుర్తుంది. క్షయకు కారణం సూక్ష్మజీవి. పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకుంది. ఇక్కడికి వచ్చాకే ఆ జవాబు సగం అనిపించింది. గోడ అవతల ఆఫీసర్ల క్వార్టర్లు. అక్కడి గాలీ ఇదే. మరి ఆ పురుగు గోడ ఎందుకు దూకదు? అక్కడ మనిషికో గది, గదికి రెండు కిటికీలు. ఇక్కడ లోపలి గదికి కిటికీయే లేదు. మొన్న డైరీలో రాసుకుంది: ‘పురుగుకు ఇల్లు చూసి రావడం ఎవరు నేర్పారు?’

ఎల్లేశం కాకకు, బాపమ్మకు అది చదివి వినిపించాలనిపించింది. వినిపిస్తే మాత్రం ఏమవుతుంది? రక్తం గెలిచినా, దుమ్ము గెలిచినా కవరు అల్మారాలోనే ఉంటుంది.

మూడు గంటలకు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయింది. గిన్నెలు గలగలమన్నాయి. ఆ చప్పుడు ఆగేలోపు జమున లోపలికి పోయి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏడ్వకు బిడ్డా, మీ బాపుకు ఏం గాదు,” అంది బాపమ్మ.

జమునకు ఒళ్లు మండింది. ఎవరి ముందూ నోరెత్తని పిల్ల ఒక్కసారిగా అనేసింది:

“మందులు ఇయ్యాల్నే షురూ చేద్దాం బాపు.”

అన్న ఫోనులోంచి తల ఎత్తలేదు.

“బోర్డు అయినంక బిడ్డా,” అన్నాడు బాపు.

“ఇంకా నెల ఉన్నది.”

“నెలెంత? జల్దినే అయిపోతది. మీ అన్న బతుకు గదా.”

“తండ్రంటే గిట్లుండాలె,” బాపమ్మ కళ్లొత్తుకుంది. “కొడుకు కోసం పానాన్ని లెక్కజేస్తలేడు.”

బాపు తల వంచుకున్నాడు. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి ఇటు తిరగనే లేదు.

జమున నాలుగడుగుల్లో అల్మారా దగ్గరికి పోయి కవరు తీసుకుంది. పిన్ను పీకింది. బాపు మంచం మీది నుంచి ఒక్క ఉదుటున లేచి వచ్చి కవరు లాక్కున్నాడు.

“సదువుకున్న పిల్ల గదా తమ్మీ, ఆగుతలేదు,” అని ఎల్లేశం వైపు నవ్వి, జమున భుజం పట్టుకుని లోపలి గదిలోకి నడిపించాడు.

“రేపు డబ్బీల మళ్ల నువ్వే ఉమ్మియ్యాలె బిడ్డా, వాళ్లు పోయేదాక నీ దగ్గు బయటికి ఇనబడనియ్యకు,” అని ఆమె చెవిలో చెప్పి, బాపు బయటి నుంచి తలుపు వేశాడు.