రెండో తాళంచెవి

“ఈ తాళం ఎవరు తీస్తరు?” సివిల్ సప్లయిస్ అధికారిణి శోభారాణి ఇద్దరి వైపూ చూసింది.

ఒకరు మట్టెవాడలో చక్కెర హోల్‌సేల్ వ్యాపారి సాంబమూర్తి. రెండోవాడు ఆయన దగ్గర ముప్ఫై ఏళ్లుగా బస్తాలు మోస్తున్న హమాలీ యాకయ్య. ఎదురుగా మూసి ఉన్న షెడ్డు తాళానికి చెవులు రెండే. ఒకటి సాంబమూర్తి జేబులో ఉంది, రెండోది యాకయ్య మొలతాడుకు ఉంది. సాంబమూర్తి చెయ్యి జేబు వైపు పోలేదు.

ఆమె జీపు గల్లీలోకి రాగానే “జల్ది రాండ్రి సావుకారీ” అని ఫోన్ చేసింది యాకయ్యే. పట్టించిందీ వీడే, పిలిచిందీ వీడే అనుకున్నాడు సాంబమూర్తి.

నిన్న సాయంత్రం పక్క దుకాణం ఓంప్రకాశ్ చెవిలో వేయనే వేశాడు. “మీ యాకయ్య సివిల్ సప్లయిస్ ఆఫీసు కాడ కనవడ్డడు. జర చూస్కో సాంబన్నా.”

ఈ ఏడు చెరకు దిగుబడి పడిపోయింది. ప్రభుత్వం ఎగుమతులు ఆపేసి, ఏ వ్యాపారి దగ్గర ఎన్ని బస్తాలుండాలో హద్దు పెట్టింది. రోజూ ఫోన్‌లో లండన్ చక్కెర రేటు చూసుకునే సాంబమూర్తికి నిద్ర పట్టలేదు. బ్రెజిల్‌లో వానలు లేవు, బయటి దేశాల్లో ధర మండిపోతోంది. ఎప్పటికైనా ఎగుమతుల గేట్లు తెరవక తప్పదు, అందాకా దాచుకున్నవాడే బతుకుతాడని ఆయన లెక్క.

దాచడానికి యాకయ్య ఇంటి పక్క అతని సొంత షెడ్డు దొరికింది. ఒకప్పుడు అందులో మరమగ్గాలు ఆడేవి. వాటిని పాత ఇనుముకు అమ్మేశాక ఖాళీగా పడి ఉంది. బస్తాలన్నీ కూరగాయల ఆటోలో, పైన క్యాబేజీ పరిచి తెచ్చారు. లోపల బల్బు లేదు, బయట బోర్డు లేదు. అంత జాగ్రత్త ఏ దొంగా పడడు.

సాంబమూర్తి దేనికీ పద్ధతి తప్పే మనిషి కాడు. గడపకు పసుపు, దేవుడికి అగరొత్తి, చీమలకు గుప్పెడు చక్కెర అయ్యాకే దుకాణంలో గల్లాపెట్టె ముట్టుకుంటాడు. సరుకు ఎక్కడుంటే లక్ష్మి అక్కడుంటుందని తండ్రి నేర్పాడు. అందుకే ఈ షెడ్డుకూ రోజూ తెల్లవారకముందే వచ్చి, ఆ మూడూ చేసి పోయేవాడు.

పది రోజుల కింద యాకయ్య ఒక మాటన్నాడు. “మీరు ఈడికి రాకుండ్రి సావుకారీ. నేను చూసుకుంట గద.”

అప్పుడది ప్రేమ అనిపించింది, రావడం మాత్రం మానలేదు. ఇప్పుడు తెలిసింది. తనను రావద్దన్నది ఇందుకన్నమాట!

“నిన్న ఆఫీసుకు పోయినవా లేదా?” పళ్లు కొరుకుతూ గొంతు తగ్గించి అడిగాడు.

“పోయిన. కొత్త రేషన్ కార్డుకు...”

“ముప్ఫై ఏండ్లు నా తిండి తిని నాకే గుంత తవ్వినవ్ గదరా!”

“తినలే సావుకారీ, మోసిన,” అన్నాడు యాకయ్య. ఆ గొంతులో కోపం లేదు.

“లోపలున్న సరుకెవరిది?” శోభారాణి అడిగింది.

“షెడ్డు ఎవరిదైతే సరుకు వాళ్లదే మేడమ్,” అన్నాడు సాంబమూర్తి. “నా కాడికి కూలికొస్తడు. ఇంట్ల ఏం దాసుకుంటడో నాకేమెరుక?”

యాకయ్య ఒక్కసారి ఆయన ముఖంలోకి చూశాడు.   మొలతాడు నుంచి చెవి తీసి తాళం తెరిచాడు. బస్తాలు రేకుల దాకా ఉన్నాయి.

“నీదేనా?” శోభారాణి యాకయ్యను అడిగింది.

“షెడ్డు నాదే,” అన్నాడు యాకయ్య.

“ఇంత సరుకు పెట్టుకొని రేషన్ కార్డు అడుగుతున్నవా?” శోభారాణి ఫైల్లోంచి అతని దరఖాస్తు తీసి అడ్డంగా గీత కొట్టింది. కేసు రాసింది. యాకయ్య సంతకం పెడుతుంటే గుమ్మంలో అతని భార్య సారలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సాంబమూర్తికి ఇంకా కసి తీరలేదు. నమ్మకద్రోహి పేరు వాడి ముందే, అధికారి నోటి నుంచే వినాలి. యాకయ్యను వెంటబెట్టుకుని జీపు దాకా నడిచాడు.

“అయిందేదో అయింది మేడమ్. ఒక్క మాట జెప్పుండ్రి. మీకు చెప్పిందెవరు? ఈయనే గదా?”

“ఈయనా? నోరు విప్పితే కదా!” శోభారాణి జీపెక్కుతూ అంది. “నిన్న ఈయన కార్డు ఎంక్వయిరీకి ఈ గల్లీకొచ్చిన. మూతపడ్డ షెడ్డు గడప మీద చీమలకు చక్కెర పోసుంది.”