లండన్‌లో వాన

"వాన పడతాందంట. ఆట నిలిపినారు," అన్నాడు హనుమంతరాయుడు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ముత్యాలప్ప గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. వరసగా మూడో ఆదివారం ఇదే పాట. ప్రతిసారీ వానే. ఆ వాన పడేది మాత్రం ఇంగ్లాండులో.

మనవాళ్లు ప్రపంచ కప్పు గెలిచి ఏడాదైనా, ధర్మవరం పక్కనున్న ఆ పల్లెలో క్రికెట్ పిచ్చి దిగలేదు. మన ఆటలు లేని రోజుల్లో ఇంగ్లాండు కౌంటీల ఆటలైనా సరే. ఆదివారం సాయంత్రమైతే గంగాధరప్ప పట్టుకు రంగులు వేసే కొట్టంలో చేరతారు. రేకుల కప్పు కింద దూలానికి రేడియో వేలాడుతుంటుంది. దాని తీగ పైరేకుకు కట్టి ఉంటుంది. అలా కడితేనే లండన్ స్టేషను దొరుకుతుందని గంగాధరప్ప నమ్మకం. ఆషాఢ గాలి దుమ్మెత్తి పోస్తుందని తలుపు బిగించి, కిటికీకి గోనెపట్టా కట్టేశాడు. ఉడికిన పట్టు, సబ్బునీళ్లు, రంగులు, బీడీలు. ఆ వాసనల్లో అరగంట కూర్చుంటే ముక్కు చచ్చిపోతుంది.

హనుమంతరాయుడు పీయూసీ తప్పినవాడు. పరీక్ష పోయినా ఇంగ్లీషు కొంత మిగిలింది. కాబట్టి ఊరికి అతనే దుబాసీ.

ఆ పూట కొట్టంలో ఎద్దుల దళారి శివప్ప కూడా ఉన్నాడు. ఆట కోసం రాలేదు. ముత్యాలప్ప కోసం వచ్చాడు.

ముత్యాలప్పకు మిగిలిన ఆస్తి ఒక జత ఎద్దులు. మృగశిర కార్తె వట్టిగా పోయింది. ఆరుద్రా అంతే. అతని పెళ్లాం తిప్పమ్మ ఒలిచిపెట్టిన విత్తనాల వేరుశనగ ఇంకా కుండల్లోనే ఉంది. ఒక్క పదును వాన పడితే చాలు, మడక కట్టి దున్నొచ్చు. పడకపోతే ఎద్దులమ్ముకుని బెంగళూరు మట్టిపనికి పోవడమే.

"ఏమప్పా, ఏమంటావు?" అన్నాడు శివప్ప.

"ఆట ముగియనీలే. చెప్తా."

పోయిన ఆదివారమూ ఇదే మాట చెప్పి తప్పించుకున్నాడు. శివప్పకు అది తెలుసు. తెలిసే బీడీ ముట్టించాడు.

రేడియోలో మాట కొంచెం కొంచెంగా మునిగిపోయింది. పైనుంచి సన్నగా గరగర మొదలైంది.

"స్టేషను పోయినట్లుండాదే!" అన్నాడు గంగాధరప్ప.

"పోలేదన్నా. అది వాన సప్పుడు. మైకు మైదానంలోనే పెట్టింటారు," అన్నాడు హనుమంతరాయుడు. ఎన్నడైనా దుబాసీ నోట తెలీదనే మాట వస్తుందా?

గంగాధరప్పకు ఉన్నట్టుండి న్యాయం గుర్తొచ్చింది. "ఇప్పుడు ఓవర్లు తగ్గిస్తారు సూడు. ఇదేం ధర్మమప్పా? ముందు ఆడినోళ్లు నలభై ఓవర్లుండాయని ఆచితూచి ఆడినారు. వెనకొచ్చినోళ్లకు పదే ఓవర్లు, మనుషులు మాత్రం పదిమందీ ఉండారు. కండ్లు మూసుకోని బాదుకోవచ్చు."

"దానికి సగటు లెక్క ఉండాది గదన్నా."

"సగటంట సగటు! మన జిల్లాకూ సగటు వాన ఇంతని కలెక్టరు కచేరీలో రాసి పెట్టుకున్నారు. యాడ పడింది?"

ముత్యాలప్పకు నవ్వు రాలేదు. "వాన పడి చెడిపోయినోళ్ల కత ఈడ్నే వింటాండా," అన్నాడు కళ్లు తెరవకుండానే.

కడుపు మండింది అతనికి. అక్కడ వద్దన్నా పడుతుంది. పడితే తిడతారు. తిట్టినా మళ్లీ వస్తుంది. ఇక్కడ కొబ్బరికాయలు కొట్టి, కప్పలకు పెళ్లి చేసి, బండల మీద పాయసం పోసుకుని నాకినా ఆ వాన మహాతల్లికి దయ లేదు.

గరగర పెద్దదైంది. ఒకరి మాట ఒకరికి వినబడక గొంతులు పెంచారు.

"పెద్దవానే పట్టుకున్యాది!" అని అరిచాడు హనుమంతరాయుడు.

శివప్ప బీడీ పారేసి దగ్గరికి జరిగాడు. "ముత్యాలప్పా, ఆ వాన ఇప్పట్లో నిలిచేది కాదు, మీ ఆట ముగిసేదీ కాదు. తెల్లారి నేను కదిరి దావ పట్టల్ల. ఇస్తావా, లేదా?"

"ఇంకొంచేపు ఉండప్పా."

"ఎన్నాళ్లుంటా? నీ గడ్డివామి అడుగు కనబడతాండాది. ఎద్దుల ఎముకలు తేలినాయి. ఇంకో వారం పోతే కటికోడు తప్ప ఎవడూ అడగడు. ఇప్పుడిస్తే మడక కట్టేటోని ఇంటికి పోతాయి. బతుకుతాయి."

ఆ మాట ముత్యాలప్పకు తగలాల్సిన చోట తగిలింది. శివప్ప తువ్వాలు పరిచి పట్టుకున్నాడు. ముత్యాలప్ప చెయ్యి దాని కిందికి పోయింది. బేరం నోటితో కాదు, వేళ్లతో. శివప్ప కొన్ని వేళ్లు నొక్కాడు. ముత్యాలప్ప విదిలించాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ విదిలించడానికి ముత్యాలప్పకు ఓపిక లేకపోయింది.

చెయ్యీ చెయ్యీ కలిశాయి. అంతే, అయిపోయింది. చెయ్యి కలిపాక దేవుడు దిగొచ్చినా బేరం తిరగదు. మాట తప్పినవాడికి సంతలో పలుపుతాడు కూడా ఎవరూ అమ్మరు.

"మంచి ఇంటికే తోలవప్పా," అన్నాడు ముత్యాలప్ప. అది శివప్పకు వినబడినట్టు లేదు.

ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా ఉంది. తిప్పమ్మకు ఏమని చెప్పాలో తోచక, గోడ పట్టుకుని లేచాడు. నెత్తిమీద ఆ రొద ఒకటి, చెవుల్లో పోస్తున్నట్టు.

"గంగాధరన్నా, నీకు దండం పెడతా. ఆ పాడు వాన వినలేకుండాను. ఆపన్నా."

గంగాధరప్ప పైకి చెయ్యి చాపి, రేడియో మీట టక్కుమనేదాకా తిప్పి ఆపేశాడు, రేకుల మీద చప్పుడు మాత్రం ఆగలేదు.