పంతొమ్మిదో ఎక్కం

ఊరందరితోపాటు మేమూ తలలో జ్ఞాపకాల చిప్ పెట్టించుకున్నాం. పోయిన నెల వచ్చిన అప్‌డేటే కొంప ముంచింది. బుర్రకి పని లేనప్పుడు జ్ఞాపకం వేగం దానంతటదే తగ్గిపోతుందట, ఛార్జింగ్ మిగలడానికి. ఇంటి చాకిరీ తెమలదు కనక నాకా బాధ లేదు. మా ఆయన కోదండం రిటైరైన మనిషి. పొద్దున కాఫీ తాగిన సంగతి ఆయనకి మధ్యాహ్నం గుర్తొస్తోంది. వేగం పెరగాలంటే ఎక్కాలు అప్పజెప్పుకోవాల్సిందే.

నిన్న కాకినాడలో పెళ్ళికెళ్ళాం. హాల్లో అడుగుపెట్టామో లేదో, ఓ పెద్దావిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏరా, నేనెవరో చెప్పుకో చూద్దాం!"

ఆవిడ ఆయన సొంత పిన్ని, సుందరమ్మ. తనని గుర్తుపట్టలేదని ఒక మేనల్లుడితో ఇప్పటికీ మాటల్లేవు. "పంతొమ్మిదో ఎక్కం!" అని ఆయన చెవిలో అన్నాను.

"పంతొమ్మిది ఒకట్ల పంతొమ్మిది, పంతొమ్మిది రెళ్ళ ముప్పై ఎనిమిది..." ఎక్కం సగానికొచ్చేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. "సుందరం పిన్నివి!"

ఆవిడ మొహం వెలిగిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. వేగం అందుకున్న జ్ఞాపకం ఆగితేనా!

"నా పెళ్ళిలో అప్పడాలు మెత్తబడ్డాయని విస్తరి ముందు నుంచి లేచిపోయావు! మా అమ్మ వెండి గంధం గిన్నె నీ సంచిలోనే దొరికింది!"

"ఏమీ ఆలోచించకండి, ఊరికే కూర్చోండి!" అని ఆయన్ని బతిమాలాను.

సుందరమ్మ పిన్ని మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్ళు మూసుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఇరవై మూడు ఒకట్ల ఇరవై మూడు..."