వంతులు పంచుకున్న గువ్వలు

తుమ్మచెట్టు మీద ఒక గువ్వల జంట రెండు గుడ్లు పొదుగుతోంది. గువ్వల్లో వంతులుంటాయి. పగలు మగది పొదిగితే, సాయంత్రం మొదలు తెల్లారి పొద్దెక్కేదాకా ఆడది పొదుగుతుంది.

పది రోజులకి మగగువ్వ నిగనిగలాడింది. ఆడగువ్వ చిక్కి సగమైంది.

"వంతులు పంచుకున్నారుగా వదినా, నీకేమైంది?" అంది పక్క కొమ్మ మీది గోరింక.

"అదే తెలియడం లేదు. చేలో రెండు జొన్నగింజలు ఏరేసరికి గుడ్లు చల్లబడ్డాయేమో అనిపిస్తుంది. వచ్చేస్తాను."

"తిండి మానేస్తే పొదగడానికి నీ ఒంట్లో వేడెక్కడుంటుంది?"

భయం వేసి, ఆ సాయంత్రం మొగుణ్ణి అడిగింది. "మామా, నీకు బెంగ లేదా?"

"గుడ్ల మీద నువ్వుంటావుగా. నాకెందుకు బెంగ?"

"పగలు నువ్వుంటావుగా. మరి నాకెందుకు?"

"నన్నడిగితే ఎలా?" అని అతను ఎగిరిపోయాడు.

మర్నాడు కడుపు నిండితేగాని రాకూడదనుకుని వెళ్లింది. ఆరో గింజకే తిరిగొచ్చేసింది. గుడ్లు వెచ్చగా ఉన్నాయి. వాటి మీద మొగుడు హాయిగా కునుకు తీస్తున్నాడు. మళ్లీ చేలోకి పోవాలో, అక్కడే వాలాలో తేలక ఆడగువ్వ గాల్లోనే రెక్కలు కొట్టుకుంటూ ఉండిపోయింది.