వొల్ష్నాలో చేసిన ప్రమాణం

"ఆవిణ్ణి వెళ్ళిపొమ్మను, హాల్ష్కా," అన్నాడు ఎరాజ్మ్, అచ్చు కాగితాల మీంచి తలెత్తకుండా.

"నువ్వే చెప్పు నాన్నా. ఎదురుగానే ఉందిగా!"

గుమ్మంలో రెజీనా తడిసిన శాలువాతో నిలబడి ఉంది. ఎరాజ్మ్ తమ్ముడు తొబియాష్ భార్య. పోలండ్ నుంచి బండ్ల మీదా పడవల మీదా నెల రోజులు ప్రయాణం చేసి ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. పదకొండేళ్ళయింది బావగారిని చూసి.

"ఏం పనిమీద వచ్చిందో అడుగు."

"పిన్నీ, ఏం పనిమీద వచ్చావని అడుగుతున్నాడు. నీకు చెవుడనుకుంటున్నాడేమో," అంటూ హాల్ష్కా శాలువా అందుకుని, పొయ్యి పక్కన బల్ల వేసింది.

"మీ బాబాయి పోయాడమ్మా," అంది రెజీనా. "ఈస్టర్ వెళ్ళిన మూడో వారం."

కలం ఆగింది. 

దేవుడు ఒక్కడే, ముగ్గురు కాదు, యేసు మనిషిగా పుట్టిన గురువు అని నమ్మే వాళ్ళంతా మతం మారాలి, లేదా దేశం వదలాలి అని అప్పట్లో పోలండ్‌లో చట్టం తెచ్చారు. గడువు దాటి దొరికినవాడు అప్పటికప్పుడు మోకరిల్లి ప్రమాణం చెయ్యకపోతే తల తీసేస్తారు. వొల్ష్నా గ్రామంలో బోధకుడుగా ఉన్న ఎరాజ్మ్ బిలిన్‌స్కి దేశం వదిలాడు. సరిహద్దు దాటిన వారానికే వార్త వచ్చింది: 'బిలిన్‌స్కి మోకరిల్లాడట, ముగ్గురి పేరా ప్రమాణం చేశాడట' అని. ఆ ఇంటిపేరుతో అక్కడ ఉండిపోయింది తమ్ముడొక్కడే మరి. ఆనాటి నుంచీ ఎరాజ్మ్ నోట ఆ పేరు రాలేదు. అతని పుస్తకాలు పేరు లేకుండానే అచ్చయి, దొంగచాటుగా దేశదేశాలకు వెళ్ళేవి. ఇప్పుడు అచ్చులో ఉన్న పుస్తకం చివర, విశ్వాసం తప్పిన వాళ్ళ పట్టిక వేశాడు. అందులో మొదటి పేరు తొబియాష్‌ది.

"ఆ పట్టిక సంగతి మా దాకా వచ్చింది," అంది రెజీనా. "ఆయన పేరు కొట్టెయ్యండి బావగారూ. అది అడగడానికే వచ్చాను."

"అబద్ధం రాశానా?"

"నేనలా అనలేదు."

"మరి?"

"పోయే ముందు ఆయన ఒకటే మాట అన్నారు. అన్నయ్యకి చేసిన అన్యాయం క్షమించమని అడుగు, అని."

"నాకేం చేశాడు?" ఎరాజ్మ్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "వాడు అన్యాయం చేసింది దేవుడికి. నలభై ఎకరాలూ ఒక ఇల్లూ చూసుకుని ఆయన్ని వదిలేశాడు."

రెజీనా తల వంచుకుంది. హాల్ష్కా ఇచ్చిన వేడి గంజి ఆమె చేతుల్లోనే చల్లారిపోతోంది.

"ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది," అన్నాడు ఎరాజ్మ్. "గడువు దాటి తొమ్మిది రోజులు. నేను వెనక గదిలో జ్వరంతో ఒళ్ళు తెలీకుండా పడి ఉన్నాను. క్రాకోవ్ నగరం నుంచి అధికారి గుర్రాలతో వచ్చి, బోధకుణ్ణి బయటికి రమ్మన్నాడు. నా ముఖం ఎరగడు గాని పేరు తెలుసు. అయినా ఇంట్లో అడుగు పెట్టకుండానే వెనక్కి తిరిగాడు! నన్ను గడ్డి కింద దాచి సరిహద్దు దాటించిన బండివాడు చెప్పాడు ఇదంతా. ఆ అధికారి కళ్ళకి దేవుడు గంతలు కట్టాడు. అదే ఇంట్లో ఉన్న నా తమ్ముడికి ఆ దేవుడి మీద ఒక్క పూటైనా నమ్మకం లేకపోయింది."

"గంతలు కట్టింది దేవుడేననుకోండి," అంది రెజీనా మెల్లగా.

"అనుకోవడమేమిటి?"

ఆమె గంజి గిన్నె పక్కన పెట్టింది.

"నాన్నా," అంది హాల్ష్కా. "బలవంతంతో ఎవరి మనసూ మార్చలేరని ఈ పుస్తకం నిండా రాశావు. ముందుగా చదివేది నేనే కదా! మెడ మీద కత్తి పెడితే చేసిన ప్రమాణానికి బాబాయిని మాత్రం తప్పు పడతావేం? నువ్వు బయటపడ్డావు. ఆయన పడలేదు. అంతేగా!"

ఎరాజ్మ్ కిటికీ వైపు తిరిగాడు. కింద కాలువలో పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

"వాడు సంతోషంగా బతికాడా?" అని అడిగాడు అటే చూస్తూ.

"లేదు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవారు. వచ్చి తలుపు వేసుకుని, మన పాటలు గొంతు పైకి రాకుండా పాడుకునేవారు. మీ పుస్తకం ఏదైనా చేతికి వస్తే రెండు రోజులు తిండి ఉండేది కాదు. 'ఇంకోటి రాశాడే, బతికే ఉన్నాడే' అని పిల్లాడిలా తిరిగేవారు."

ముసలాయన పట్టిక ఉన్న కాగితం తీసి, మొదటి పేరు మీద గీత గీశాడు. తర్వాత చిన్న చీటీ రాసి రెజీనాకు ఇచ్చాడు.

'నా తమ్ముడి బలహీనతను మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను. దేవుడు కూడా క్షమించుగాక.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. మడిచి రవికలో పెట్టుకుంది.

"సమాధి పక్కన మట్టిలో పెడతాను."

"రాయి వేయించావా?"

"వేయించాను."

"ఏం చెక్కించావు?"

రెజీనా హాల్ష్కా వైపు చూసింది, తలుపు వైపు చూసింది.

"దాని జోలికి వెళ్ళకండి బావగారూ. ఎప్పటికీ మీకు చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నారు."

"రాతి మీద చెక్కింది దాచడమేమిటి? వచ్చేపోయే ప్రతివాడూ చదివేదేగా! చెప్పు, ఏం చెక్కించావు?"

ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఆ రోజు బయటికి వెళ్ళి అధికారికి ఆయన చెప్పిన పేరే. మీ పేరు, బావగారూ."