ఒక ఫైలు ఎక్కువ

కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఒక పట్టింపు ఉంది. ఎవరి యంత్రమైనా సరే, ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, రెండు చోట్లా లెక్క సరిపోయాకే పాతది తుడిచి కొత్త ఓఎస్ వేస్తాడు.

ఈ రాత్రి బల్ల మీదున్నది నిరుడు చనిపోయిన తన భార్య ల్యాప్‌టాప్. ఆమె దర్జీ. చేతిలో టేపు ఉంటే రాయడం కుదరదని, కొలతలన్నీ పైకి చెబుతూ అందులో రికార్డు చేసుకునేది. ఆ గొంతు ఎక్కడ పోతుందోనని ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడది తెరుచుకోవడానికే మొరాయిస్తోంది.

ఎలాగో తెరిచి, రికార్డింగులు డిస్కులోకి ఎక్కించి లెక్కపెట్టాడు. డిస్కులో నలభై ఒకటి, ల్యాప్‌టాప్‌లో నలభై రెండు. పొరపాటు పడ్డానేమో అనుకుని మళ్లీ ఎక్కించాడు. ఈసారి డిస్కులో నలభై రెండు. ల్యాప్‌టాప్‌లో నలభై మూడు.

చివరి రికార్డింగు మీద ఇవాళ్టి తేదీ ఉంది. సమయం, రెండు నిమిషాల కిందటిది. ల్యాప్‌టాప్ ఫ్యాను ఆగిపోయింది. గదిలో గోడ గడియారం తప్ప చప్పుడు లేదు. దాని మీద వేలు పెట్టాడు. నొక్కాడు.

ముందు టేపు జారిన చప్పుడు వినిపించింది. తర్వాత, గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని మాట్లాడే ఆ గొంతు.

"భుజం పదిహేడు. ఛాతీ ముప్పై ఆరు. రెండంగుళాలు తగ్గారు. వేళకి తినడం లేదా?"

మళ్లీ టేపు జారింది.

"కదలకండి. చేతులింకా కొలవలేదు."

ఎక్కించడం అయిపోయింది, ఇక్కడున్నదంతా తుడిచేయమంటారా అని తెర అడుగుతోంది. వద్దని నొక్కాడు. మెల్లగా లేచి, వెనక్కి తిరిగి చూడకుండా, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.